ఆకు తెలియకుండా పత్రి పూజ చేయవచ్చా?



వినాయక చవితి ముందు రోజు హైదరాబాదులో ఏ మార్కెట్‌కు వెళ్లినా పత్రి కట్టలు కనిపిస్తాయి. ఒక రబ్బరు బ్యాండు, దాని కింద నాలుగైదు రకాల ఆకులు. మర్నాడు పూజలో ఇరవై ఒక్క పేర్లు వరసగా చదువుతాం. మాచీపత్రం, బృహతీపత్రం, బిల్వపత్రం... చదివే పేరు మారుతూ ఉంటుంది, చేతికి వచ్చే ఆకు మాత్రం చాలాసార్లు అదే. పక్కన కూర్చున్న పిల్లలు అంతా చూస్తూనే ఉంటారు. వాళ్లు ఏమీ అడగరు. ఎందుకంటే ఏది ఏ ఆకో వాళ్లకూ తెలియదు, మనకూ తెలియదు.

ఆ పూజ ఫలిస్తుందా లేదా అని నేను అడగడం లేదు. స్వామి మనసు చూస్తాడు, ఆకులు లెక్కపెట్టుకోడు. అసలు ఇరవై ఒకటీ ఒకే ఊళ్లో దొరకడం కూడా కష్టమే. దేవదారు హిమాలయాల చెట్టు, మన మైదానాల్లో పెరగదు. దొరకని ఆకు బదులు అక్షతలు వేయమని పెద్దలే చెప్పారు. నన్ను పట్టుకుని వదలని ప్రశ్న ఇంకొకటి ఉంది. చెట్టులో దేవుడున్నాడని పిల్లలకు చిన్నప్పటి నుంచే చెబుతాం. ఆ పిల్లలు ఆ చెట్టును ఎప్పుడైనా ముట్టుకున్నారా? ముట్టుకోకుండా, వాసన చూడకుండా, పేరు తెలియకుండా పెట్టే దండం ఎవరికి పెట్టినట్టు?

దీనికి చాలామంది ఇచ్చే సమాధానం నాకు తెలుసు. "భక్తి ముఖ్యమండీ, బాటనీ కాదు" అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ మన ఉపనిషత్తులు అలా అనుకున్నట్టు లేవు.

ఛాందోగ్యంలో శ్వేతకేతువు కథ ఉంది. పన్నెండేళ్ల వయసులో గురుకులానికి వెళ్లాడు, ఇరవై నాలుగేళ్లకు తిరిగి వచ్చాడు. వేదాలన్నీ నోటికి వచ్చు, ఆ గర్వం ముఖంలో కనిపిస్తోంది. తండ్రి ఉద్దాలకుడు కొడుకును మళ్లీ శ్లోకాలు అప్పజెప్పమనలేదు. వెళ్లి ఒక మర్రిపండు తెమ్మన్నాడు. పగలగొట్టమన్నాడు. లోపల ఏముందని అడిగాడు. చిన్న చిన్న గింజలు. వాటిలో ఒకదాన్ని కూడా పగలగొట్టమన్నాడు. ఇప్పుడేం కనిపిస్తోందంటే, ఏమీ కనిపించడం లేదన్నాడు కొడుకు. కంటికి కనిపించని ఆ సూక్ష్మంలోంచే ఇంత పెద్ద మర్రి నిలబడిందని అప్పుడు చెప్పాడు తండ్రి. మర్నాడు ఉప్పు కలిపిన నీళ్లు పైనుంచి, మధ్యలోంచి, అడుగునుంచి రుచి చూపించాడు. ఇంత గొప్ప బోధకు ఆయన వాడుకున్న సామగ్రి ఒక పండు, ఒక చిటికెడు ఉప్పు. పాఠం జరిగింది ఇంటి దగ్గర, తండ్రికీ కొడుకుకీ మధ్య.

అంటే పిల్లల చేత పట్టించి, విరిపించి, రుచి చూపించి నేర్పడం ఈమధ్య స్కూళ్లు కనిపెట్టిన కొత్త పద్ధతేమీ కాదు. బ్రహ్మవిద్యే అలా నేర్పారు. మనమే మధ్యలో ఎక్కడో పండును వదిలేసి మాటను మాత్రం ఉంచుకున్నాం.

మాది తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో ఉండే వడమాలపేట. పండగకు ఊరికి వెళ్తే పత్రి కోసుకు వచ్చే పని నాకూ మా అన్న పిల్లలకూ పడుతుంది. మా అమ్మ ముందు నడుస్తుంది. భాద్రపదం కాబట్టి అప్పటికి నాలుగు వానలు పడి ఉంటాయి, మామిడితోటల గట్ల మీద, చెరువు కట్ట మీద గడ్డి లేచి ఉంటుంది. పూజ పుస్తకంలో ఉన్న సంస్కృతం పేర్లు అక్కడ ఒక్కొక్కటిగా తెలుగులోకి వస్తాయి. బృహతి అంటే ఇదిగో, ఈ ముళ్ల వాకుడు. అపామార్గం అంటే ఉత్తరేణి. దాని గింజలు లంగాకు అంటుకుని ఇంటిదాకా వస్తాయి. గింజలు ఊళ్లు తిరగడానికి ఆ మొక్క వేసుకున్న ఉపాయమే అది. బదరి అంటే రేగు. రేగు ముళ్లు జంటగా ఉంటాయి, ఒకటి నిటారుగా, ఇంకోటి కొక్కెంలాగా వంగి. ఇది పుస్తకంలో చదివితే గుర్తుండదు, వేలికి గుచ్చుకుంటే జన్మలో మర్చిపోరు. విష్ణుక్రాంత కోసం నేల మీద కూర్చుని వెతకాలి. గడ్డిలో చిన్న నీలం పువ్వు, నిలబడి చూసేవాడికి కనపడదు. వావిలాకు నలిపి వాసన చూస్తే, బాలింతలకు కాచి పోసే నీళ్ల వాసన.

ఇంకో సంగతి చూడండి. ఆ ఇరవై ఒకటిలో ఉమ్మెత్త ఉంది, గన్నేరు ఉంది, జిల్లేడు ఉంది. మూడూ విషమే. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఉమ్మెత్త కాయ, గన్నేరు ఆకు కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మన పెద్దలు పూజలో మంచి ఆకుల పక్కనే విషపు ఆకులను కూడా పెట్టారు. ఎందుకు పెట్టారో నేను చెప్పలేను కానీ, ఫలితం ఏమిటో కళ్లారా చూశాను. పత్రి కోసే పిల్లకు ఏది నమలవచ్చో, ఏది ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలో పదేళ్లకే తెలిసిపోతుంది. అదే జిల్లేడు ఆకు వెనక్కి తిప్పితే, నలుపు తెలుపు పసుపు చారలున్న గొంగళిపురుగు హాయిగా తింటూ ఉంటుంది. మనకు విషమైంది దానికి అన్నం. పెద్దయ్యాక అది నారింజరంగు సీతాకోకచిలుక అవుతుంది. ఈ ఒక్క ఆకు మీద ఎన్ని ఉపన్యాసాలైనా చెప్పవచ్చు, కానీ ముందు ఆకు తిప్పి చూడాలి.

అలా తిరుగుతున్నప్పుడే మా అన్న కూతురు ఒక ప్రశ్న అడిగింది. "అత్తా, మారేడు చెట్టులో శివుడుంటే, ఆకు కోస్తే ఆయనకు నొప్పి కాదా?"

నవ్వేసి దాటేసే ప్రశ్న కాదిది. ముట్టుకుని నేర్చుకోవడానికీ, చేతులు జోడించడానికీ మధ్య నిజంగానే ఒక చిక్కు ఉంది. తెలుసుకోవాలంటే కోయాలి, నలపాలి, విరచాలి. పూజించాలంటే దూరంగా నిలబడాలి. శ్వేతకేతువు ఆ పండు పగలగొట్టకపోతే ఆ పాఠమే లేదు. అలాగని పిల్లలు కనబడిన కొమ్మనల్లా విరుచుకుంటూ పోతే అది చదువూ కాదు, భక్తీ కాదు.

మా అమ్మ దగ్గర దీనికి సిద్ధాంతమేమీ లేదు, అలవాట్లున్నాయి. పొద్దుగూకినాక ఆకు కోయదు. కోసే ముందు చెట్టుకు దండం పెట్టుకుంటుంది. ఒకే కొమ్మను దూసెయ్యకుండా ఇక్కడొకటి, అక్కడొకటి తీసుకుంటుంది. మనవడు ఒకసారి కొమ్మంతా లాగితే "ఏం నాయనా, అట్ల పీకుతావుండావే, చెట్టు నీకేమన్నా అప్పుపడిందా?" అంది. ఇంకోసారి ఒక మారేడు ఆకుకు చిల్లులుంటే పాప పారేయబోయింది. పురుగు తిన్న ఆకు పూజకు పనికిరాదని ఎక్కడో విన్నది. అమ్మ ఆ ఆకును కోయనివ్వలేదు. "అది పురుగుకు పెట్టిన నైవేద్యంలే పాపా. మనకు ఇంకో కొమ్మ ఉంది కదా" అంది. మారేడు ఆకు తిని పెరిగే పురుగులున్నాయి. వాటిలో ఒకటి చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలాగా ఉంటుంది, పిట్టలు తినకుండా ఉండడానికి. ఆ మాట విన్నాక పాప ఆ కొమ్మ వైపు చూసిన చూపు వేరు.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకు తన ఇరవై నలుగురు గురువుల గురించి చెబుతాడు. వాళ్లలో భూమి, గాలి, నీరు, చంద్రుడు, పావురం, కొండచిలువ, చేప, సాలెపురుగు ఉన్నాయి. తుమ్మెద కూడా ఒక గురువు. పువ్వుకు దెబ్బ తగలకుండా ఒక్కోదాని దగ్గర కొంచెం కొంచెం తీసుకోవడం దాని దగ్గర నేర్చుకున్నానంటాడు. మా అమ్మ పత్రి కోసే పద్ధతి అదే. పాప ప్రశ్నకు నాకు దొరికిన సమాధానం కూడా అక్కడే ఉంది. ముట్టుకోవడంలో తప్పు లేదు. ఎంత తీసుకుంటున్నామో, ఎవరి వాటాలోంచి తీసుకుంటున్నామో చూసుకోకపోవడంలో ఉంది. తెలియని చెట్టు విషయంలో ఆ లెక్క ఎలా చూసుకుంటాం? మార్కెట్లో కట్ట కొన్నప్పుడు ఏ చెట్టును ఎంత దూశారో మనకు కనపడదు కదా.

ఇక్కడిదాకా వచ్చాక, పిల్లలను చెట్ల మధ్యకు తీసుకెళ్తే చాలు, ప్రేమ దానంతట అదే పుడుతుందని చెప్పి ముగించేయవచ్చు. చాలామంది అలాగే ముగిస్తారు. నేను ముగించలేను, ఎందుకంటే మా కొండలు వేరే కథ చెబుతున్నాయి.

శేషాచలం కొండలను 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు, 4,755 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనానికి పుట్టిల్లు ఈ ప్రాంతమే. మన దక్షిణపు తూర్పు కనుమల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. ఆ చెట్టును చేత్తో తెలిసినవాళ్లు ఎవరు? బెరడు చూసి, గొడ్డలితో చిన్న గాటు పెట్టి, లోపల చేవ పట్టిందో లేదో చెప్పగలిగినవాళ్లు ఎవరు? దాన్ని కొట్టే కూలీలు. అడవి దారులు, నీటి మడుగులు, రాత్రి శబ్దాలు అన్నీ వాళ్లకు తెలుసు. మన పిల్లలకు నేర్పాలనుకుంటున్నదంతా వాళ్లకు ఇప్పటికే వచ్చు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయారు. ఆ కాల్పుల న్యాయాన్యాయాల్లోకి నేను ఇక్కడ వెళ్లడం లేదు. కానీ ఏడుకొండలకు దండం పెట్టే ప్రతి ఒక్కరూ ఒకసారి ఆగి ఆలోచించాల్సిన రోజు అది. చెట్టు తెలిసిన చేయి కూలి కోసం దాన్ని కొట్టింది. ఆ దుంగను ఎక్కడో కొనుక్కున్నవాడు ఆ చెట్టును బతికుండగా ఎన్నడూ చూసి ఉండడు. ఒకడికి చేతిలో తెలివి ఉంది, చెట్టు మీద హక్కు లేదు, ఇంట్లో ఆకలి ఉంది. ఇంకొకడికి డబ్బుంది, చెట్టంటే ఏమిటో తెలియదు.

కాబట్టి ముట్టుకోవడం ఒక్కటే సరిపోదు. తెలిసిన చేయి నరకగలదు కూడా. మరి ఆ చేతికి ఇంకేం కావాలి?

మళ్లీ ఛాందోగ్యానికే వెళ్దాం, ఈసారి సత్యకామ జాబాలుడి దగ్గరికి. గురువు హారిద్రుమత గౌతముడు అతనికి ఉపనయనం చేసి, వెంటనే పాఠం మొదలుపెట్టలేదు. బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను అప్పజెప్పి మేపుకు రమ్మన్నాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని సత్యకాముడే అనుకున్నాడు. ఏళ్లకు ఏళ్లు అడవిలో గడిచాయి. మంద వెయ్యి అయ్యాక మొదట ఎద్దు మాట్లాడింది, బ్రహ్మంలో ఒక పాదం చెప్పింది. తర్వాత దారిలో ఒక్కో సాయంత్రం అగ్ని, హంస, నీటికాకి తలా ఒక పాదం చెప్పాయి. నేను ఈ కథను ఎన్నిసార్లు చదివినా ఆగేది ఒకే చోట. ఆ ఎద్దు మొదటి రోజే ఎందుకు మాట్లాడలేదు? నాలుగు వందలు వెయ్యి అయ్యేదాకా ఎందుకు ఆగింది? నాకు అర్థమైనంతలో, ప్రకృతి చూడటానికి వచ్చినవాడితో మాట్లాడదు, సాకినవాడితో మాట్లాడుతుంది. బక్కచిక్కిన ఆవుకు జబ్బు చేస్తే రాత్రి మేలుకున్నవాడికి, దూడ పుడితే సంతోషపడినవాడికి మాత్రమే ఆ మాట వినపడుతుంది.

ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. తిరిగి వచ్చాక సత్యకాముడి ముఖం వెలిగిపోతుంటే, ఎవరు బోధించారని గురువు అడిగాడు. మనుషులు కాదన్నాడు. అయినా మీరు చెబితేనే నాకు నిండుగా ఉంటుందని మళ్లీ గురువు ముందే కూర్చున్నాడు. అడవి నేర్పింది కదా అని పెద్దల అవసరం తీరిపోలేదు. ఇవాళ్టి తల్లిదండ్రులకు నేను చెప్పేది కూడా అదే. పిల్లలను నేచర్ క్యాంపుకు పంపించి మనం ఇంట్లో కూర్చుంటే సగం పనే అయింది. వాళ్లు చూసి వచ్చింది అడిగి వినే మనిషి ఇంట్లో ఉండాలి.

మా పక్కనే దీనికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది మదనపల్లెలో, 1895లో. ఆ ఊరికి దగ్గర్లోనే రిషివ్యాలీ విద్యాసంస్థ 1926లో మొదలైంది. వానలు తక్కువ పడే, రాళ్లు తేలిన లోయ అది. పిల్లలు, టీచర్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దశాబ్దాల పాటు మొక్కలు నాటి, వాన నీరు నిలిపి ఆ లోయను పచ్చగా చేసుకున్నారు. పచ్చదనం వెనకాలే పక్షులు వచ్చాయి. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి పిల్లలు ఎవరో పెంచి పెట్టిన అడవిని చూసి రాలేదు. సత్యకాముడి మందలాగా, బక్కచిక్కిన లోయను మేపి వెయ్యి చేసుకున్నారు.

ఒకటి నిజాయితీగా చెప్పాలి. కృష్ణమూర్తిగారు మన పూజలను ఒప్పుకునే మనిషి కాదు. మాట వేరు, వస్తువు వేరు అని, పేరు పెట్టగానే మనం చూడటం మానేస్తామని జీవితమంతా చెప్పారు. భక్తులమైన మనకు ఇది గుచ్చుకునే మాటే, అయినా వినాల్సిన మాట. బ్రహ్మోత్సవాల్లో గరుడ వాహనానికి లక్షలమందిమి చేతులెత్తి మొక్కుతాం. మా ఊరి చెరువు మీద తిరిగే గరుడ పక్షిని, తెల్ల తల, ఇటుకరంగు రెక్కలు, ఎంతమందిమి గుర్తుపడతాం? మామూలు గద్దకు తోక చీలి ఉంటుంది, దీనికి గుండ్రంగా ఉంటుంది. పేరు మనకు ఎంత దగ్గరైందంటే పక్షి కనపడకుండా పోయింది. అయితే ఆయన చెప్పినంత దూరం నేను వెళ్లను. పేరు వదిలేయనక్కర్లేదు. చూసిన తర్వాత పిలిస్తే చాలు. చెరువు మీద గరుడ పక్షిని చూసిన పాప ఆ ఏడాది వాహనసేవను చూసిన తీరు నాకు తెలుసు. ఆ పాప భక్తి తగ్గలేదు, దానికి రెక్కలు వచ్చాయి.

"ఇవన్నీ పల్లెలో కుదురుతాయి, మాకు అపార్ట్‌మెంట్. పైగా పాములు, తేళ్లు, డెంగీ దోమలు" అనే మాట కూడా న్యాయమైనదే. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనమే పుట్ట పక్కన పిల్లను నిలబెట్టడానికి భయపడతాం. ఆ భయం తప్పు కాదు. మా అమ్మ కూడా చెప్పుల్లేకుండా గట్టు దిగనివ్వదు, చేతిలో కర్ర లేకుండా పొదలోకి చేయి పెట్టనివ్వదు. భయం ఉన్న చోట జాగ్రత్త నేర్పాలి. జాగ్రత్తా జ్ఞానంలో భాగమే. తలుపు వేసేస్తే మాత్రం పిల్లలకు జాగ్రత్త రాదు, భయం ఒక్కటే మిగులుతుంది.

అలాగే వడమాలపేట వైపు సదాశివకోనకో, నారాయణవనం దగ్గరి కైలాసకోనకో వచ్చే కుటుంబాలను చూస్తుంటాను. కొండ, నీళ్లు, శివుడు ఒకే చోట ఉన్న తావులు అవి. జలపాతం కింద తడిసి, సెల్ఫీ తీసుకుని, స్వామికి దండం పెట్టి వెళ్తారు. ప్లాస్టిక్ గ్లాసులు అక్కడే ఉంటాయి. వాళ్లంతా చెడ్డవాళ్లని నేననను. ఆ నీళ్లు వాళ్లవి కాదు, అంతే. మళ్లీ వచ్చే పని లేదు కాబట్టి, వదిలిన గ్లాసు మళ్లీ కంటపడదు.

అందుకే దూరాభారాలు పెట్టుకోవద్దంటాను. మీ వీధిలో నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక్క చెట్టును ఎంచుకోండి. రావి కావచ్చు, వేప కావచ్చు, పార్కు మూల ఉన్న గన్నేరైనా సరే. ఏడాదిలో మామూలుగా ఇరవై నాలుగు ఏకాదశులు వస్తాయి. అవధూత గురువులూ ఇరవై నలుగురే. ప్రతి ఏకాదశికీ పిల్లలతో ఆ చెట్టు దగ్గరికి ఒక పావుగంట వెళ్లండి. బెరడు ముట్టుకోండి. ఆకు ఎప్పుడు రాలింది, చిగురు ఏ రంగులో వచ్చింది, ఏ పిట్ట వాలింది, ఏ పురుగు ఏ ఆకు తిన్నది చూడండి. ఒక నోటుబుక్కులో రెండు ముక్కలు రాయించండి. ఎండాకాలంలో ఒక బిందె నీళ్లు తీసుకెళ్లండి, ఈ ఒక్క పని మాత్రం మర్చిపోవద్దు. చూడటం సాకడంగా మారేది ఆ బిందెతోనే. ఎప్పుడైనా ఎవరైనా ఆ చెట్టు కొట్టడానికి వస్తే, అడ్డం వెళ్లి "ఎందుకు కొడుతున్నారు?" అని అడిగే పిల్ల ఒకతి అప్పటికి మీ ఇంట్లో ఉంటుంది.

ఇక చవితికి ఇరవై ఒకటీ దొరక్కపోయినా దిగులు పడొద్దు. గీతలో స్వామి అడిగింది ఆకు, పువ్వు, పండు, నీళ్లు మాత్రమే. నాలుగూ దుకాణంలో పుట్టేవి కావు. పిల్లలు స్వయంగా గుర్తుపట్టి, చెట్టుకు చెప్పి, ఒక్కొక్కటి కోసి తెచ్చిన ఆకులు మూడే ఉంటే ఆ మూడూ పేరు పెట్టి వేయించండి. మిగతా పద్దెనిమిదింటికి అక్షతలు వేయండి. వచ్చే ఏడాదికి ఆ మూడు ఐదవుతాయి.

మీ చెట్టు ఏదో పిల్లలనే ఎంచుకోనివ్వండి. శుభం.